నిప్పుదారి గడ్డి

సీసా సగం ఖాళీ అయ్యాక గానీ మికులాష్ అసలు మాట బయటపెట్టలేదు.

అప్పటిదాకా అన్నీ కుశల ప్రశ్నలే. జెండాలకి రిబ్బన్లు కుట్టడం అయిందా, పిన్ని ఎన్ని కుండల జావ కాస్తోంది, కొండమీద గాలి ఎటు తిరిగింది. పాలష్ పొద్దున్నుంచీ చర్చి ముందు ఆవరణలో నిప్పుదారి కొలుస్తూ నిలబడి, నాలుక పిడచకట్టుకుపోయి ఇంటికొచ్చాడు. మికులాష్ నారింజ సోడా మూత తీసి, తనే గ్లాసులో పోసి అందించాడు. పాలష్ గటగటా తాగేశాడు. రెండో గ్లాసు కూడా దాదాపు అయిపోవచ్చింది.

పొయ్యి దగ్గర చిక్కుడు గింజలు ఏరుతున్న కూతురు లోషా తలెత్తి చూసి మళ్ళీ చేటలోకి వంగింది. తనకి అప్పుడే అనుమానం రావాల్సింది. వాళ్ళ కొండ ఊరు హోల్‌విట్స్‌లో సీసా పట్టుకుని గడప తొక్కినవాడు ఏదో అడగడానికే వస్తాడు. సీసా ఇంటాయన కాళ్ళ దగ్గర పెట్టి, ముందు మనవి చెప్పుకోవాలి. ఇంటాయన విని, ఇష్టమైతే తాగుతాడు, లేదంటే సీసా వెనక్కి జరుపుతాడు. గొంతు దిగిందంటే మాట ఇచ్చినట్టే. కానీ ఇది కార్నివాల్ వారం. ఈ ఏటి పాషియోన్ పాలష్. అంటే అయిదు రోజులు ఊరందరికీ తిండి పెట్టి, చివర్న జెండా పట్టుకుని నిప్పులో పరిగెత్తాల్సిన మనిషి. అలాంటి ఇంటికి వచ్చే ప్రతివాడూ సాయంగా ఓ సీసా తెస్తాడు. గోడవారన అప్పటికే నలభై దాకా ఉన్నాయి. పాలష్ దీన్నీ వాటిలో ఒకటనుకున్నాడు.

"బాబాయ్, నాదో చిన్న మనవి," అన్నాడు మికులాష్.

గ్లాసు పాలష్ పెదాల దగ్గరే ఆగిపోయింది.

"మంగళవారం నిప్పులో నీ వెనక ఇంకో మనిషి పరిగెత్తాలి. యోరిస్ అని బెల్జియం ఆయన. మా టూరులో వస్తున్నాడు. ఓ జెండా ఇస్తే చాలు, మూడు నిమిషాల పని."

పాలష్ గ్లాసు కింద పెట్టాడు. అడుగున మిగిలిన సోడాలో బుడగలు తేలుతున్నాయి. వాటికేసే చూస్తూ, "మనవి ముందు చెప్పాలిరా," అన్నాడు. గొంతు పెరగలేదు.

"పట్నంలో ఉండి ఉండి అలవాటు తప్పింది బాబాయ్." మికులాష్ మూతి తుడుచుకుని నవ్వాడు. "తాగేశావుగా మరి."

లోషా చేట కింద పడేసి అతని వెనకే వాకిట్లోకి ఉరికింది.

"అన్నయ్యా, తెలిసే చేశావు కదూ?"

"పట్నంలో అందరూ పిలిచినట్టు నికో అను. ఊళ్ళో వాళ్ళలాగా ఏంటా పిలుపు?" అతను వ్యాన్ తాళాలు వేలికి తిప్పుతున్నాడు. "చూడు చెల్లీ, ఆయన పరిగెత్తితే ఆ మాట విని ఇంకా జనం వస్తారు, వచ్చే ఏడు మనకి నాలుగు వ్యాన్లు. లేకపోతే ఈ ముష్టి వ్యానుకి నేను డ్రైవరు, నువ్వు గైడు. జీవితాంతం ఇంతే. అయినా ఆఫీసులో నిప్పు పరుగు గురించి అంత కమ్మగా చెప్పింది ఎవరు? నేనా?"

"చూడ్డానికి రమ్మని చెప్పాను. పరిగెత్తమని చెప్పలేదు."

"వినేవాడికి ఏం వినిపించిందో అదే చెప్పినట్టు."

"వాడు నిప్పులో పడితే?"

మికులాష్ వ్యాన్ తలుపు తీసి ఎక్కాడు. పడితే ఏమవుతుందో అతనికీ తెలుసు. ఆరేళ్ళ కిందట జెండా మోస్తున్న మనిషి రెండో పరుగులో తూలి పడ్డాడు. ఆ వేసవిలో వడగళ్ళు పడి మొక్కజొన్న నేలకరిచింది. ఆ నింద పడిన ఆనాటి పాషియోన్ ఇవాళ్టికీ ఈ ఊళ్ళోనే ఉన్నాడు. కానీ ఎవరూ తమ బిడ్డల బాప్తిజానికి అతన్ని పిలవరు. బావి దగ్గర అతను పలకరిస్తే చేదకేసి చూస్తూ తలూపుతారు. పాలష్ ఈ ఏటి కోసం పందొమ్మిదేళ్ళు వరసలో నిలబడ్డాడు.

లోషా లోపలికి వచ్చేసరికి తండ్రి ఇంకా అదే పీట మీద ఉన్నాడు.

"నాన్నా, నేను ఆ యోరిస్‌కి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. మంచివాడైతే తనే మానుకుంటాడు."

"వద్దు."

"మోసం చేసి తాగించాడు!"

"గొంతు నాది. తాగింది నేను." పాలష్ ఆమె కేసి తిరిగాడు. "ఆ మనిషికి నా భాష రాదు, నాకు అతని భాష రాదు. మధ్యలో నువ్వే నా నోరు. నువ్వు వద్దని చెబితే నేను చెప్పినట్టే. తాగి మాట తప్పిన పాషియోన్ అంటారు. అంతకంటే వాడు నిప్పులో పడటమే మేలు."

*

ఆదివారం పొద్దున వ్యాన్ వచ్చి చర్చి సందులో ఆగింది. ఎనిమిది మంది దిగారు. ఫోన్లు సంచుల్లో పెట్టించి, వాళ్ళని ఒక మూల నిలబెట్టి, లోషా ఆరేళ్ళుగా చెబుతున్న మాటలే మళ్ళీ చెప్పింది. ఇవి మా పాత లెక్కలో ఏ నెలకీ చెందని అయిదు రోజులు. కోతితోలు టోపీల వేషగాళ్ళు ఎదురొస్తే పక్కకి తప్పుకోండి, నవ్వకండి. ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యకండి. చెబుతూనే ఆమె కళ్ళు యోరిస్‌ని వెతికాయి.

పొడగరి. యాభై దాటినట్టున్నాడు. జుట్టు సగం నెరిసింది. అందరూ బూట్లతో ఉంటే అతను చెప్పులేసుకొచ్చాడు.

"రోజూ మా పెరట్లో కంకర మీద నడుస్తున్నానండీ," అన్నాడు, తడుముకుంటూ వచ్చే స్పానిష్‌లో. "నాలుగు నెలల్నుంచి. మా ఆవిడ నవ్వుతోంది." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. మీ నాన్నగారు నిజంగా ఒప్పుకున్నారా? లేక ఆఫీసువాళ్ళు చెప్పడమేనా?"

ఆ ప్రశ్న ఇంత తొందరగా వస్తుందని లోషా అనుకోలేదు. రెండడుగుల దూరంలో మికులాష్ వ్యాన్ అద్దం తుడుస్తున్నాడు. గుడ్డ ఆగింది.

"ఒప్పుకున్నారు," అందామె.

గుడ్డ మళ్ళీ కదిలింది.

అప్పుడే డోలు వాళ్ళ వెనక పాలష్ వచ్చాడు. నల్ల ఉన్ని చొక్కా, తల చుట్టూ తెల్లగుడ్డ. యోరిస్ ముందు ఆగి, ముఖం చూడకుండా కిందికి చూశాడు. వేలితో సైగ చేశాడు. యోరిస్‌కి అర్థమై, చెప్పు విడిచి, గోడకి ఆనుకుని ఒక కాలు ఎత్తాడు. పాలష్ గిట్టలు చూసే కమ్మరిలా ఆ మడమ చేతిలోకి తీసుకుని బొటనవేలితో అరికాలు నొక్కాడు. నొక్కిన చోట తెల్లటి గుంట పడి, నెమ్మదిగా పూడింది.

"రొట్టె పిండి," అన్నాడు లోషాతో. "రేపు గడ్డికి రమ్మను."

"గడ్డికా?" మికులాష్ గుడ్డ భుజానేసుకుని వచ్చాడు. "బాబాయ్, రేపు వీళ్ళకి నేతపని చూపించాలి. ప్రోగ్రాంలో ఉంది."

"నిప్పులో దిగేవాడు గడ్డి ఎలాంటిదో చూడక్కర్లేదా? నువ్వే చెప్పు."

మికులాష్ మళ్ళీ గుడ్డ తీసుకుని అద్దం వైపు తిరిగాడు. లోషా ఆ ఆహ్వానం చెప్పగానే యోరిస్ ముఖం చేటంత అయింది. ఆమెకి ఒక్కటే ఆశ కలిగింది. కొండ ఎక్కి మోపు మోస్తే ఈ మనిషి సాయంత్రానికల్లా మంచమెక్కుతాడు. తాను నోరు విప్పకుండానే పని జరుగుతుంది.

*

కొండ వాలంతా నడుములోతు గడ్డి, ఎండి, రాగి రంగు తిరిగి ఉంది. పదకొండు మంది గడ్డివాళ్ళు వరసగా వంగి కోస్తున్నారు. వాళ్ళ పెద్ద మారియన్ తాత. డెబ్బై దాటాయి, ముందు పళ్ళు రెండే. యోరిస్‌ని పైనుంచి కింది దాకా చూసి కొడవలి చేతికిచ్చాడు.

"వీడికి నిచ్చెన అక్కర్లేదు పిల్లా, చూరు గడ్డి ఇక్కణ్ణుంచే కప్పేస్తాడు."

అందరూ నవ్వారు. ఏమన్నాడని యోరిస్ అడిగితే లోషా చెప్పింది. అతనూ నవ్వాడు.

తొమ్మిదింటికి నవ్వు ఆగిపోయింది. గడ్డి అంచులు చేతుల మీద సన్నటి ఎర్ర గీతలు గీశాయి. కొడవలి ఎలా పట్టాలో రెండుసార్లు చూపించాక, మారియన్ మూడోసారి చూపించడం మానేసి పక్కన కూర్చుని చూశాడు. పదకొండింటికి మోపులు కట్టారు. వెడల్పాటి తోలుపట్టీ నుదుటికి ఆనించి, బరువంతా మెడ మీద వేసుకుని, వంగి దిగాలి. యోరిస్ మొదటి మోపుతో ఇరవై అడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. లేచాడు. మళ్ళీ కూలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది. మెడ నరాలు తాళ్ళలా తేలాయి.

"మానెయ్యండి. ఎవరూ ఏమీ అనుకోరు," అందామె.

నాన్న వద్దన్నది నిప్పు గురించి గాని గడ్డి గురించి కాదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

"మిగతావాళ్ళు ఆగారా?"

"లేదు."

"అయితే పట్టీ కొంచెం పైకి జరపండి. కళ్ళ మీదికి జారుతోంది."

సాయంత్రం దాకా నాలుగు మోపులు దించాడు. లోషా ఆశ ఒక్కో మోపుకీ కొంచెం చచ్చింది.

ఎండ వాలుతుండగా అందరూ మారియన్ ఇంటి ముందు కూర్చున్నారు. ఒకే కుండలో మొక్కజొన్న జావ, ఒకే చిప్ప, చేతులు మారుతోంది. యోరిస్ వంతు రాగానే తాగి మూతి తుడుచుకుని పక్కవాడికి ఇచ్చాడు. అప్పుడు మారియన్ లేచి, నారతాడు ముక్కలు తెచ్చి, ఒక్కొక్కడి కుడి మణికట్టుకీ కట్టుకుంటూ వచ్చాడు. యోరిస్ చేతికీ కట్టాడు.

లోషా తాతని గుడిసె పక్కకి లాగింది. "అతనికెందుకు కట్టావు తాతా?"

"కోశాడు, మోశాడు, మా చిప్పలో తాగాడు. కట్టక?"

"అతను రేపు పరిగెత్తాలి!"

మారియన్ ఆమె కేసి జాలిగా చూశాడు. "నువ్వు కూడా పట్నం దానివైపోయావే పిల్లా. గడ్డివాడు ఎక్కడైనా పరిగెత్తుతాడా? వాడు దారి పక్కన కొమ్మ పట్టుకుని నిలబడతాడు. నిప్పు దారి దాటకుండా కొడతాడు. పడినవాణ్ణి లాగుతాడు. లాగాల్సినవాడే లోపల ఉంటే లాగేదెవరు?" రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వాడు. "మీ నాన్నకి తెలీకుండానే కొండకి పంపాడనుకున్నావా?"

లోషాకి అప్పుడు అర్థమైంది. మనవి దాచి తాగించినవాడికి, తాడు సంగతి దాచి మోపు మోయించి జవాబు చెప్పాడు నాన్న. మాట తప్పలేదు. ఎవరూ వేలెత్తి చూపలేరు. పన్నెండో ఏట ఊరు విడిచిన మికులాష్‌కి ఈ నారతాడు సంగతే గుర్తుండదు.

ఇద్దరి లెక్కా బాగానే ఉంది. మధ్యలో ఉన్న మనిషికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు.

యోరిస్ దూరం నుంచి మణికట్టు ఎత్తి చూపించాడు, చిన్నపిల్లాడిలా. "అందంగా ఉంది కదా?"

లోషా తలూపింది.

*

మంగళవారం మధ్యాహ్నం. చర్చి తలుపు నుంచి ఆవరణ చివరి మూడు శిలువల దాకా గడ్డి పరిచారు. మోకాలెత్తున, నాలుగడుగుల వెడల్పున. రెండు పక్కలా హద్దు రాళ్ళు, వాటి వెనక జనం. గాలి పడమర నుంచి వస్తోంది. అది మంచి లక్షణం కాదు. పొగ పరిగెత్తేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది.

జెండాల వాళ్ళు తలుపు దగ్గర గుమిగూడారు. మికులాష్ యోరిస్‌ని మోచెయ్యి పట్టుకుని వాళ్ళలోకి తోసుకొచ్చి చేతికి జెండా కర్ర అందించాడు. అంతలో వెనక నుంచి మారియన్ యోరిస్ చొక్కా పట్టుకున్నాడు.

"ఇటురా. నీ చోటు అక్కడ. మూడో రాయి."

"వదులు తాతా!" మికులాష్ అరిచాడు. "మా బాబాయ్ సీసా తాగాడు. ఒప్పుకున్నాడు. అడుగు!"

డోలు ఆగింది. పాలష్ జెండాతో తిరిగి చూశాడు.

"తాగాను," అన్నాడు అందరికీ వినబడేలా. "కాదనడం లేదు. ఇప్పటికీ పరిగెత్తమనే అంటున్నాను. కానీ నిన్న అతను గడ్డివాళ్ళ చిప్పలో తాగాడు. తాడు కట్టించుకున్నాడు. ఆ తాడు నేను విప్పలేను. నువ్వు విప్పుతావా?"

మికులాష్ ఆ మణికట్టు కేసి చూశాడు. మొదటిసారి చూసినట్టు చూశాడు. ఎర్రటి ముఖం మెల్లగా పాలిపోయింది. లోషా వైపు తిరిగాడు. "చెప్పు వీడికి! ఏదో ఒకటి చెప్పి ఆ తాడు తెంపమను. తెంపాడా, సరేసరి. లేదంటే రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదు."

యోరిస్ జెండా పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమంటున్నారు?"

లోషా తండ్రి కేసి చూసింది. తండ్రి ముఖంలో వద్దని లేదు, సరే అని లేదు. వందల కళ్ళు ఆమె నోటి మీద ఉన్నాయి.

చెప్పింది. సీసా సంగతి, మనవి దాచడం, తాడు సంగతి. మూడే వాక్యాలు. స్పానిష్‌లో, మెల్లగా, ఒక్క మాట కూడా మెత్తన చెయ్యకుండా.

"నిన్న మీకు తెలుసా?"

"తెలుసు."

"అడిగాను కదా, ఆదివారమే అడిగాను." అతని దవడ బిగుసుకుంది. "ఒప్పుకున్నారన్నారు మీరు."

"అన్నాను."

తలుపు దగ్గర ఎవరో నిప్పంటించారు. గడ్డి ఒక్కసారిగా గుప్పుమంది. ఇక మాటలకి వ్యవధి లేదు. యోరిస్ జెండాని లోషా చేతిలోకి విసురుగా తోసి, మూడో రాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వేరే చోటు లేదు గనక నిలబడ్డాడు. ఎవరో అతని చేతిలో ఆకులున్న పచ్చి ఓక్ కొమ్మ పెట్టారు.

పాలష్ దిగాడు. మోకాళ్ళ దాకా మంట. వెనక ఆరుగురు. జెండా రిబ్బన్లు నిప్పురవ్వల్లో ఎగిరాయి. అటు చివరకి చేరి, తిరిగి వచ్చారు. ఒకటి. రెండోసారి గాలి విసిరింది. పొగ గోడలా లేచి పరుగువాళ్ళని మింగేసింది. దగ్గు మాత్రం వినిపించింది. పొగలోంచి జెండా మొన ముందు బయటికి వచ్చింది, ఆ తర్వాత పాలష్. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని. రెండు.

మూడోసారి మూడో రాయి దగ్గర నిప్పు దారి దాటింది. మంట నాలుక ఆడవాళ్ళు కూర్చున్న వైపు పాకింది. యోరిస్ కొమ్మతో కొట్టాడు. ఆరలేదు. ముందుకి దూకి మోకాళ్ళ మీద వంగి, రెండు చేతులా కొడుతూనే ఉన్నాడు. అతని పక్క నుంచే, అడుగు దూరంలో, పాలష్ పరిగెత్తి వెళ్ళాడు. ఒకరినొకరు చూసుకోలేదు.

మూడు. డోలు గట్టిగా మోగింది. ఎవరూ పడలేదు. జనం ఊపిరి ఒక్కసారే బయటికి వచ్చింది.

లోషా చేతిలో పరిగెత్తని జెండా ఒకటి మిగిలింది. కర్రకి చెమట అంటుకుంది.

*

వ్యాన్‌లో ఏడుగురు ఎక్కి కూర్చున్నారు. మికులాష్ ఫోన్లో ఆఫీసుకి ఎవరి తప్పో వివరిస్తున్నాడు. యోరిస్ ముందు సీటులో ఒక్కడే, తలుపు వేసుకుని. ఒక కనుబొమ్మ కాలిపోయింది. చొక్కా చేతులు నల్లగా ఉన్నాయి.

ఆవరణలో మారియన్ వచ్చే ఏటి గడ్డివాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కడూ పలుకుతున్నాడు. లోషా అక్కడ నిలబడి, ఒక నిమిషం ఆలోచించి, వ్యాన్ దగ్గరికి నడిచింది. ఎవరూ పంపలేదు.

అద్దం మీద తట్టింది. అతను కిందికి దించాడు.

"ఒక సంగతి చెప్పాలి. ఈసారి ముందే చెబుతున్నాను," అందామె. "ఆ తాడు కట్టించుకున్నవాడు మూడేళ్ళు గడ్డికి రావాలి. తాత మీ పేరు పిలుస్తాడు. మీరు పలకకపోతే తాడు విప్పించుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరూ తిట్టరు."

"మీ నాన్నగారికేమైనా అవుతుందా?"

"ఆయన పరుగు అయిపోయింది."

"మీకు?"

"నా ఉద్యోగం కూడా."

అతను తాడు కేసి చూశాడు. కోపం పోలేదు. పోయినట్టు నటించనూ లేదు. "మీ నాన్నగారి మీద నాకు ఇంకా కోపంగానే ఉంది," అన్నాడు. "మీ మీద కూడా."

"సరే."

"యొ... రిచ్!" ఆవరణలోంచి మారియన్ గొంతు. జనం నవ్వారు. "ఆ పొడుగువాడు! ఎక్కడున్నాడు?"

అందరూ అలవాటుగా లోషా కేసి చూశారు. ఆమె కదల్లేదు. పలకలేదు.

వ్యాన్ తలుపు ధడాలున తెరుచుకుంది. యోరిస్ దిగి, కుంటుతూ, ఆమెని దాటి ఆవరణలోకి నడిచాడు. మికులాష్ ఫోన్ చెవిలోంచి తీసి, "సార్! సార్, టైమవుతోంది!" అన్నాడు. అతను వెనక్కి చూడలేదు.

గడ్డివాళ్ళ వరస చివర నిలబడి, మారియన్ ముఖంలోకి చూస్తూ, బొబ్బలెక్కిన రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

"గడ్డి దగ్గర బేరమేంట్రా?" మారియన్ మూడు వేళ్ళు ఎత్తాడు.

యోరిస్ రెండు వేళ్ళే ఉంచాడు. ముసలాడు మూడు దించలేదు. వరసలో వాళ్ళు ఈలలేశారు. బూడిద దులుపుకుంటూ పాలష్ కూడా వచ్చి నిలబడ్డాడు.

లోషా తర్జుమా చెయ్యడానికి నోరు తెరిచి, అక్కర్లేదని మూసుకుంది. యోరిస్ పాలష్ కేసి ఒకసారి చూశాడు. తర్వాత, కాలినందువల్ల కాబోలు, చాలా నెమ్మదిగా మూడో వేలు కూడా పైకి చాపాడు.